ఫెయిర్‌నెస్ క్రీముల్లో స్టెరాయిడ్‌ను పట్టే ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ పరీక్ష: డబ్బు కట్టే ముందు ఏం చూడాలి

ఏడు రోజుల్లో మచ్చలు పోతాయని, ముఖం తెల్లబడుతుందని అమ్మే నైట్ క్రీముల్లో ఏం కలుపుతారో చర్మ వైద్యులకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. క్లోబెటసాల్, బీటామెథాసోన్, మోమెటాసోన్ లాంటి స్టెరాయిడ్లు, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, కొన్నిట్లో పాదరసం. దాన్ని కాగితం మీద నిరూపించడమే కష్టం. ఆ నిరూపణ కోసం ప్రైవేటు ల్యాబులు అమ్మే సేవ కొటేషన్లలో "స్టెరాయిడ్ స్క్రీనింగ్ బై ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్" అన్న పేరుతో వస్తుంది. క్రీములోని పదార్థాలను ముందు కాలమ్ అనే సన్నని గొట్టంలో విడదీసి, తర్వాత వాటి అణువుల బరువును బట్టి గుర్తించే పరీక్ష ఇది. సొంత బ్రాండ్ పెట్టి బయట తయారు చేయించుకునేవాళ్లకు, పార్లర్లకు సరుకు వేసే డిస్ట్రిబ్యూటర్లకు, పేషెంటు తెచ్చిన డబ్బా మీద అనుమానం వచ్చిన డాక్టర్లకు ఇది పనికొచ్చే సేవ. ఇక్కడ సమీక్షిస్తున్నది ఏ ఒక్క ల్యాబునో కాదు, ఆ సేవను.

తీర్పు ముందే చెప్పేస్తే చదవడం తేలిక. సరైన జాబితాతో, పద్ధతిగా చేస్తే ఈ పరీక్షకు ఐదుకు నాలుగు మార్కులు. అదే పేరుతో వచ్చే ఒక పేజీ రిపోర్టుకు ఒక మార్కు కూడా దండగ. రెండు చోట్లా మెషీన్ ఒకటే కావచ్చు. ఏయే పదార్థాల కోసం వెతికారు, ఖాళీ శాంపిల్‌లో (క్రీము లేకుండా నడిపినదానిలో) ఏం కనిపించింది అనే రెండు ప్రశ్నలకు కాగితం మీద జవాబు ఉందా లేదా అన్నదే తేడా.

కొటేషన్‌లో కనిపించే మూడు రకాలు

అన్నిటికన్నా చవక టీఎల్‌సీ లేదా హెచ్‌పీఎల్‌సీ-యూవీ, అంటే పదార్థాలను విడదీసి అతినీలలోహిత కాంతితో చూసే పద్ధతులు. స్టెరాయిడ్లు 240 నానోమీటర్ల దగ్గర కాంతిని బాగానే పీల్చుకుంటాయి, కాబట్టి పీక్ (గ్రాఫులో శిఖరం) వస్తుంది. చిక్కేమిటంటే క్రీములో పారాబెన్లు, సన్‌స్క్రీన్ ఫిల్టర్లు, సువాసన ద్రవ్యాలు కూడా ఆ చుట్టుపక్కలే పీల్చుకుంటాయి. స్టాండర్డ్ (పోల్చడానికి పెట్టిన శుద్ధ నమూనా) వచ్చిన సమయానికే ఒక పీక్ వచ్చిందంటే అనుమానించవచ్చు గానీ రుజువైందనలేం. స్టెరాయిడ్ కోసమైతే దీనికి డబ్బు పెట్టకండి. హైడ్రోక్వినోన్ సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

రెండోది ట్రిపుల్ క్వాడ్రుపోల్. ఈ సమీక్షలో అసలు సరుకు ఇదే. క్వాడ్రుపోల్ అంటే ద్రవ్యరాశిని బట్టి అయాన్లను వడకట్టే భాగం. మొదటి క్వాడ్రుపోల్ మనకు కావాల్సిన అయానును మాత్రమే లోపలికి వదులుతుంది. క్లోబెటసాల్ ప్రొపియోనేట్‌కు ప్రోటాన్ చేరితే ద్రవ్యరాశి 467.2 దగ్గర వస్తుంది. మధ్య గదిలో నైట్రోజన్ లేదా ఆర్గాన్ వాయువుతో ఢీకొట్టించి దాన్ని విరగ్గొడతారు. మూడో క్వాడ్రుపోల్ అందులోంచి 373.2, 355.2 ముక్కలను లెక్కిస్తుంది. 467 నుంచి 373, 467 నుంచి 355. ఇలాంటి జంటలను ట్రాన్సిషన్లు అంటారు. బీటామెథాసోన్ వాలరేట్‌కు 477.3 నుంచి 355.2, 279.2. మోమెటాసోన్ ఫ్యూరోయేట్‌కు 521.1 నుంచి 503.1, 355.1. ట్రయామ్సినోలోన్ అసిటోనైడ్‌కు 435.2 నుంచి 415.2, 397.2. వేరే పదార్థం ఒకటి అదే సమయానికి బయటకు వచ్చి, అదే ద్రవ్యరాశితో ఉండి, అవే ముక్కలుగా, అదే నిష్పత్తిలో విరగడం చాలా అరుదు. ఈ పరీక్ష బలమంతా అక్కడుంది. బలహీనత కూడా అక్కడే ఉంది: మీరు అడిగిన జంటలను మాత్రమే అది చూస్తుంది. జాబితాలో లేని స్టెరాయిడ్ డబ్బా నిండా ఉన్నా రిపోర్టు శుభ్రంగానే వస్తుంది.

మూడోది హై రిజల్యూషన్, అంటే క్యూ-టాఫ్ లేదా ఆర్బిట్రాప్. ద్రవ్యరాశిని నాలుగు దశాంశాల వరకూ కొలుస్తుంది. క్లోబెటసాల్ ప్రొపియోనేట్ 467.1995 దగ్గర రావాలి, 5 పీపీఎం (పది లక్షల్లో ఐదు వంతులు) లోపు తేడాతో. క్లోరిన్ ఉన్న అణువు కాబట్టి రెండు యూనిట్లు పైన, సుమారు మూడో వంతు ఎత్తులో ఇంకో పీక్ కూడా కనిపించాలి. ముందుగా జాబితా లేకపోయినా డేటాను తర్వాత తిరగేసి వెతకొచ్చన్నది దీని గొప్ప. రేటు ఎక్కువ. దాన్ని చదవగలిగే మనిషి దొరకడం ఇంకా కష్టం. ట్రిపుల్ క్వాడ్‌లో శుభ్రంగా వచ్చి, క్రీము మాత్రం మూడు రోజుల్లో ఎర్రదనాన్ని మాయం చేస్తూ ఉంటే, అప్పుడు దీనికి వెళ్లడం సబబు. మొదటి అడుగే ఇక్కడ వేస్తే డబ్బు వృథా.

జాబితా అడగండి, లిమిట్ కాదు

ల్యాబు తరఫు మనిషి "పీపీబీ లెవెల్ సర్" (వంద కోట్లలో ఒక వంతునూ పడతాం) అనగానే మురిసిపోకండి. మందుల షాపులో దొరికే క్లోబెటసాల్ క్రీము 0.05 శాతం, అంటే కిలోకు 500 మి.గ్రా. మోమెటాసోన్ 0.1 శాతం, కిలోకు 1,000 మి.గ్రా. కావాలని కలిపేవాడు పని చేసే మోతాదులోనే కలుపుతాడు. నాలుగో వంతుకు, పదో వంతుకు పలచన చేసినా కిలోకు పదుల మిల్లీగ్రాముల్లో ఉంటుంది. 2021 జనవరిలో చైనాలోని ఫుజియాన్ రాష్ట్రంలో పసిబిడ్డలకు రాసిన క్రీముల్లో క్లోబెటసాల్ ప్రొపియోనేట్ ఉందని అక్కడి అధికారులు తేల్చారు; బయట చేసిన పరీక్షలో అది కిలోకు 30 మి.గ్రా. మించి వచ్చింది. షాపు మందులో పదహారో వంతు కన్నా కాస్త ఎక్కువ. పిల్లల ముఖాలు ఉబ్బడానికి అదే చాలింది. కిలోకు 0.1 మి.గ్రా. పట్టే పరీక్ష అయినా ఈ పనికి మూడు వందల రెట్లు సరిపోతుంది. 0.01 పడతామంటూ అదనంగా అడిగితే ఇవ్వక్కర్లేదు.

జాబితాలో ఏముందన్నది అసలు ప్రశ్న. చైనా జాతీయ ప్రమాణం జీబీ/టీ 24800.2 సౌందర్య సాధనాల్లో 41 గ్లూకోకార్టికాయిడ్లను (ఈ రకం స్టెరాయిడ్లను) ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్‌తో వెతకడానికి 2009లోనే వచ్చింది. అంత పొడవు జాబితా లేకపోయినా మన మార్కెట్‌కు కనీసం ఇవి ఉండాలి: క్లోబెటసాల్ ప్రొపియోనేట్, బీటామెథాసోన్‌తో పాటు దాని వాలరేట్, డైప్రొపియోనేట్ ఎస్టర్లు (అదే అణువుకు ఆమ్లపు గుంపు తగిలించిన రూపాలు), మోమెటాసోన్ ఫ్యూరోయేట్, ఫ్లుఓసినోలోన్ అసిటోనైడ్, ట్రయామ్సినోలోన్ అసిటోనైడ్, హాలోబెటసాల్, బెక్లోమెథాసోన్ డైప్రొపియోనేట్, ఫ్లూటికాసోన్ ప్రొపియోనేట్, డెక్సామెథాసోన్, ప్రెడ్నిసోలోన్, హైడ్రోకార్టిసోన్. "బీటామెథాసోన్" అని ఒక్క ముక్క రాసి ఎస్టర్లు లేకపోతే ఆ కొటేషన్ పక్కన పెట్టేయండి. ట్యూబుల్లో ఉండేది ఎస్టరే. మాతృ అణువును మాత్రమే వెతికితే ఎస్టర్ దొరకదు.

జాబితాను తప్పించుకోవడానికి ఎస్టర్ మార్చడం తెలిసిన ఎత్తుగడే. దానికి ట్రిపుల్ క్వాడ్‌లోనే ఒక విరుగుడు ఉంది: ప్రికర్సర్ అయాన్ స్కాన్. ప్రెడ్నిసోలోన్ తరహా ఉంగరం ఉన్న స్టెరాయిడ్లు ఏ ఎస్టర్ తగిలించుకున్నా విరిగినప్పుడు 121, 147, 171 దగ్గర ముక్కలు ఇస్తాయి. "147 ఇచ్చే మాతృ అయాన్లన్నీ చూపించు" అని మెషీన్‌ను అడగొచ్చు. సున్నితత్వం తగ్గుతుంది, కానీ కిలోకు పదుల మిల్లీగ్రాములు ఉన్నచోట అదో సమస్య కాదు. ఈ స్కాన్ కూడా ప్యాకేజీలో ఉందని రాసి ఇచ్చే ల్యాబు దొరికితే రేటు కాస్త ఎక్కువైనా అక్కడికే వెళ్లండి.

డబ్బా పంపేటప్పుడు

సీలు తీయని డబ్బాలు, ఒకే బ్యాచ్‌వి రెండు లేదా మూడు పంపండి. ఒకటి పరీక్షకు, ఒకటి ల్యాబు దగ్గర నిల్వకు, ఒకటి మీ దగ్గర. లేబుల్ అన్ని వైపులా ఫొటో తీసి ఉంచండి. ప్లాస్టిక్ కవరులోకి తీసి పంపితే ఆ శాంపిల్ ఏ డబ్బాదో ఎవరూ చెప్పలేరు.

వాడిన డబ్బా వస్తే జాగ్రత్త. ఆ మనిషి డాక్టరు రాసిచ్చిన స్టెరాయిడ్ ట్యూబు కూడా వాడుతూ ఉంటే, అదే వేలితో తీసిన క్రీములో ఆ మందు చేరుతుంది. పై పొర తీసేసి అడుగు నుంచి తీసుకోవాలి, రిపోర్టులో "తెరిచిన డబ్బా" అని రాయించాలి. పార్లర్‌లో చేత్తో కలిపి చిన్న డబ్బీల్లో ఇచ్చే క్రీముల బాధ ఇంకోటి. కోల్డ్ క్రీములో ట్యూబు పిండి గరిటెతో తిప్పినది ఎప్పుడూ సమంగా కలవదు. ఒకచోట 20, ఇంకోచోట 200 రావచ్చు. మూడు చోట్ల నుంచి తీసి, కలిపి, అందులోంచి విడివిడిగా రెండు తూకాలు వేయించాలి. రెండిటికీ మధ్య తేడా భారీగా ఉంటే తప్పు ల్యాబుదని అనుకోనక్కర్లేదు. ఇంట్లో కలిపిన సరుకని అదే చెబుతోంది.

ల్యాబు లోపల ఏం జరగాలి

పద్ధతి పెద్ద రహస్యమేమీ కాదు. 0.5 గ్రాముల క్రీము 50 మి.లీ. సెంట్రిఫ్యూజ్ ట్యూబులో తూచి, లేబుల్ చేసిన (బరువైన హైడ్రోజన్ పెట్టిన) అంతర్గత స్టాండర్డ్ అప్పుడే కలపాలి; దారిలో జరిగే నష్టాన్ని సరిచూసుకునే కొలబద్ద అది. డెక్సామెథాసోన్-డి4, ట్రయామ్సినోలోన్ అసిటోనైడ్-డి6 లాంటివి సరిపోతాయి. 2 మి.లీ. సంతృప్త ఉప్పు నీళ్లు పోసి గడ్డ లేకుండా వోర్టెక్స్ మీద కలపాలి. ఎమల్షన్ (నూనె, నీళ్ల కలయిక) విరగడానికే ఈ ఉప్పు. కార్బోమర్ జెల్ అయితే ఉప్పు తగలగానే జిగురు దిగిపోతుంది, అదీ లాభమే. తర్వాత 20 మి.లీ. అసిటోనైట్రైల్, అల్ట్రాసోనిక్ బాత్‌లో 30 నిమిషాలు. బాత్ దానంతట అదే వేడెక్కుతుంది కాబట్టి ఐసు వేసి 40 డిగ్రీలు దాటకుండా చూడాలి. ఆపైన మైనస్ 20లో గంటసేపు ఉంచితే మైనం, కొవ్వు గడ్డకడతాయి. చల్లగానే సెంట్రిఫ్యూజ్ చేసి, పై ద్రవాన్ని 0.22 మైక్రోమీటర్ల పీటీఎఫ్‌ఈ ఫిల్టర్ గుండా పంపాలి. వాజిలిన్ ఆధారంగా చేసినవి, లిప్ బామ్‌లు అసిటోనైట్రైల్‌లో ముద్దగానే ఉండిపోతాయి. వాటిని ముందు 3 మి.లీ. హెక్సేన్‌లో కరిగించి, అప్పుడు అసిటోనైట్రైల్‌లోకి లాగాలి. ఈ మెట్టు వదిలేసి అన్నిటికీ ఒకే పద్ధతి వాడితే ఆయింట్‌మెంట్లలో ఉన్నదానికంటే బాగా తక్కువ చూపిస్తుంది.

చాలా కొటేషన్లలో ఎస్పీఈ కార్ట్రిడ్జ్ (మలినాలను ఆపే చిన్న వడపోత గొట్టం) శుద్ధి ఖర్చు వేరుగా కనిపిస్తుంది. ఈ పనికి అది దాదాపు అక్కర్లేదు. మోతాదు ఎక్కువ కాబట్టి ద్రవాన్ని వంద రెట్లు పలచన చేసి నేరుగా ఇంజెక్ట్ చేస్తే, సిలికోన్లు, పీఈజీ ఎమల్సిఫయర్లు సిగ్నల్‌ను అణచివేసే బాధ కూడా బాగా తగ్గుతుంది. లెక్క చూడండి: కిలోకు 500 మి.గ్రా. ఉన్న క్రీము 0.5 గ్రాముల్లో 250 మైక్రోగ్రాములు, అది 20 మి.లీ.లోకి వస్తే మి.లీ.కు 12,500 నానోగ్రాములు. క్యాలిబ్రేషన్ గీత (తెలిసిన మోతాదులతో గీసిన కొలత గీత) మామూలుగా మి.లీ.కు 1 నుంచి 200 నానోగ్రాముల వరకు ఉంటుంది. పలచన చేయకుండా వేస్తే డిటెక్టర్ నిండిపోయి, అంకె అర్థం లేనిదవుతుంది. రిపోర్టులో వచ్చిన విలువ క్యాలిబ్రేషన్ పరిధి దాటిందో లేదో, ఎన్ని రెట్లు పలచన చేశారో తప్పకుండా అడగండి.

కాలమ్ 100 మి.మీ. పొడవు, 2.1 మి.మీ. వ్యాసం ఉన్న సి18, 1.8 మైక్రోమీటర్ల లోపు రేణువులు, నిమిషానికి 0.3 మి.లీ., 40 డిగ్రీలు, నీళ్లలోనూ అసిటోనైట్రైల్‌లోనూ 0.1 శాతం ఫార్మిక్ యాసిడ్. పదిహేను నిమిషాల గ్రేడియంట్, అంటే ఆ రెండు ద్రవాల పాళ్లు మారుస్తూ పోవడం. ఐదు నిమిషాల్లో అయిపోయే ఫాస్ట్ మెథడ్ అని చెబితే వెంటనే ఒక ప్రశ్న వేయండి: డెక్సామెథాసోన్, బీటామెథాసోన్ విడిపోతున్నాయా? ఈ రెండిటికీ 16వ కార్బన్ దగ్గర మిథైల్ గుంపు పైకా కిందికా అన్నదొక్కటే తేడా. అణుభారం ఒకటే, 393.2 నుంచి వచ్చే 373.2, 355.2 ముక్కలూ ఒకటే. మాస్ స్పెక్ట్రోమీటర్ ఒంటరిగా వీటిని చెప్పలేదు, కాలమ్ మాత్రమే విడదీయాలి. ప్రెడ్నిసోలోన్, కార్టిసోన్ జంటదీ అదే కథ, రెండిటి అణువుల్లోనూ 21 కార్బన్లు, 28 హైడ్రోజన్లు, 5 ఆక్సిజన్లు. ప్రెడ్నిసోలోన్ ఎక్కువగా ఉంటే దాని ఐసోటోపు పీక్ 363 దగ్గర తగిలి హైడ్రోకార్టిసోన్‌లా కూడా కనిపించగలదు. కాలమ్‌కు సమయం ఇచ్చిన ల్యాబులో ఇవేవీ సమస్యలు కావు.

బీటామెథాసోన్ వాలరేట్ మాయ

ఈ విషయంలో మంచి మెషీన్లున్న చోట కూడా తప్పు జరగొచ్చు. ట్యూబులో ఉండేది 17-వాలరేట్. పీహెచ్ 4, 5 మధ్య అది నిలకడగా ఉంటుంది. తటస్థం దాటి క్షారం వైపు వెళ్తే వాలరేట్ గుంపు 17వ స్థానం నుంచి 21కి జరిగిపోతుంది, తర్వాత మెల్లగా ఊడి ఉట్టి బీటామెథాసోన్ మిగులుతుంది. స్టియరిక్ యాసిడ్‌లో క్షారం వేసి చేసే వానిషింగ్ క్రీము పీహెచ్ 7 దాటడం మామూలే. అలాంటి బేస్‌లో ట్యూబు కలిపి డబ్బాలో నెలల తరబడి ఉంచితే ల్యాబుకు చేరేసరికి 17-వాలరేట్ కొంతే ఉంటుంది.

21-వాలరేట్‌కు ద్రవ్యరాశి అదే 477.3, ముక్కలూ అవే, వచ్చే సమయం మాత్రం వేరు. సాఫ్ట్‌వేర్‌లో స్టాండర్డ్ సమయానికి అటూ ఇటూ చిన్న కిటికీ పెట్టి అందులో పీక్ లేకపోతే "నాట్ డిటెక్టెడ్" అని ముద్ర వేసేస్తారు. పక్కనే కొండలా నిలబడ్డ పీక్‌ను ఎవరూ చూడరు. అందుకే క్రోమాటోగ్రామ్‌ను (పీక్‌ల గ్రాఫును) కళ్లతో చూడాలి. 17, 21 వాలరేట్లు, ఉట్టి బీటామెథాసోన్ మూడూ కలిపి చెప్పమని ల్యాబును అడగండి. మూడూ ఒకే డబ్బాలో కనిపిస్తే అది వాలరేట్ ట్యూబుతో మొదలైన కల్తీ అని నమ్మకంగా చెప్పొచ్చు. శాంపిల్ తయారీలో వేడెక్కకుండా చూడమన్నదీ ఇందుకే; క్షారం కూడా తగలకూడదు.

ముందటి శాంపిల్ ఎంగిలి

అబద్ధపు పాజిటివ్‌లకు మొదటి కారణం క్యారీఓవర్. పైన చెప్పిన 12,500 నానోగ్రాముల శాంపిల్ పలచన లేకుండా ఇంజెక్ట్ అయిందనుకోండి. సూదిలో, వాల్వులో వెయ్యో వంతు మిగిలినా తర్వాతి శాంపిల్‌లో 12.5 నానోగ్రాములు కనిపిస్తుంది. దాన్ని క్రీముకు తిరిగి లెక్కిస్తే కిలోకు 0.5 మి.గ్రా. ఏ పాపం తెలియని బ్రాండుకు ఇది స్టెరాయిడ్ పాజిటివ్ రిపోర్టు. సూది బయటా లోపలా అసిటోనైట్రైల్, ఐసోప్రొపనాల్ మిశ్రమంతో కడగాలి. ప్రతి పాజిటివ్ తర్వాతా ఖాళీ ద్రవం ఇంజెక్ట్ చేయాలి. ఆ ఖాళీలో పీక్ లేదని చూపించే పేజీ రిపోర్టుకు జతచేయాలి. కిలోకు 1 మి.గ్రా. లోపు వచ్చిన ఏ పాజిటివ్‌నైనా కొత్త తూకంతో, వేరే రోజు, ముందు ఖాళీ పెట్టి మళ్లీ చేయనిదే నమ్మకండి. అంత చిన్న మోతాదు నిజమే అయినా, అది మందుల క్రీములు నింపే లైనులోనే కాస్మెటిక్ కూడా నింపడం వల్ల చేరినది కావచ్చు. తయారీదారు శుభ్రత మీద ప్రశ్న అది. కావాలని కలిపారన్న ఆరోపణకు సరిపోదు.

రిపోర్టు చదవడం

మంచి రిపోర్టు నాలుగైదు పేజీలుంటుంది. వెతికిన ప్రతి పదార్థం పేరు, దాని ఎల్‌ఓక్యూ (నమ్మకంగా కొలవగల కనిష్ఠ మోతాదు), శాంపిల్, ఖాళీ, స్టాండర్డ్, స్పైక్ చేసిన (తెలిసిన మోతాదు కలిపిన) శాంపిల్‌ల క్రోమాటోగ్రామ్‌లు, రెండు ట్రాన్సిషన్ల నిష్పత్తి, రికవరీ (కలిపినదాంట్లో తిరిగి దొరికిన శాతం). సౌందర్య సాధనాలకంటూ విడిగా గుర్తింపు నియమాలు లేనిచోట ఆహార పరీక్షల యూరోపియన్ నిబంధన 2021/808ను అరువు తెచ్చుకోవచ్చు, అది సబబే. దాని ప్రకారం వచ్చే సమయం స్టాండర్డ్‌కు 1 శాతం లోపు, ట్రాన్సిషన్ల నిష్పత్తి 40 శాతం లోపు తేడాతో ఉండాలి, నిషేధిత పదార్థానికి ఐదు గుర్తింపు పాయింట్లు రావాలి. కాలమ్ మీద విడదీసినందుకు ఒకటి, మాతృ అయానుకు ఒకటి, ఒక్కో ముక్కకు ఒకటిన్నర, మొత్తం ఐదు. ఒకే ట్రాన్సిషన్‌తో ఇచ్చిన పాజిటివ్‌కు మూడున్నరే వస్తుంది.

రికవరీ 80 నుంచి 120 శాతం మధ్య ఉంటే చాలు. కానీ దేంట్లో స్పైక్ చేశారో చూడండి. ద్రావణిలో స్పైక్ చేసి 99 శాతం అని రాయడం ఎవరికైనా తేలికే. మీ క్రీములోనే తెలిసిన మోతాదు కలిపి తిరిగి ఎంత వచ్చిందో చెప్పాలి. "నాట్ డిటెక్టెడ్" పక్కన జాబితా, ఎల్‌ఓక్యూ లేకపోతే ఆ మాటకు విలువ సున్నా.

ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు ఎన్‌ఏబీఎల్ గుర్తు ఉందని తృప్తి పడితే సరిపోదు. ఐఎస్‌ఓ/ఐఈసీ 17025 గుర్తింపు ల్యాబు మొత్తానికి కాదు, ఒక్కో పరీక్షకు ఇస్తారు. ఎన్‌ఏబీఎల్ సైటులో ఆ ల్యాబు స్కోప్ (గుర్తింపు ఉన్న పరీక్షల జాబితా) తెరిచి, "కాస్మెటిక్స్" కింద స్టెరాయిడ్ల పేర్లు, ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ అన్న పద్ధతి ఉన్నాయేమో చూడండి. నీళ్లలో పురుగుమందుల పరీక్షకు గుర్తింపు ఉన్నంత మాత్రాన క్రీముల పరీక్షకు ఉన్నట్టు కాదు.

ఈ పరీక్ష చూడనివి

పాదరసం ఇందులో కనిపించదు. ఒక్క మార్కు తగ్గించింది ముఖ్యంగా ఇందుకే, ఎందుకంటే "మాస్ స్పెక్ చేయించాం, క్లీన్" అని అమ్మేవాళ్లు ఈ సందులోనే దూరతారు. దానికి లోహాలను కొలిచే ఐసీపీ-ఎంఎస్ కావాలి. అదీ మాస్ స్పెక్ట్రోమీటరే, కానీ మెషీన్ వేరు, శాంపిల్ తయారీ వేరు. మూసిన మైక్రోవేవ్ పాత్రలో నైట్రిక్ యాసిడ్‌తో కరిగించాలి. తెరిచిన హాట్‌ప్లేట్ మీద చేస్తే పాదరసం ఆవిరైపోయి తక్కువ చూపిస్తుంది. గొట్టాలకు అంటుకుని తర్వాతి శాంపిల్‌లోకి రాకుండా కొద్దిగా బంగారం ద్రావణం కలుపుతారు. కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం అనుకోకుండా చేరిన పాదరసం 1 పీపీఎం మించకూడదు, కంటి చుట్టూ వాడే వాటికి మాత్రం 70 పీపీఎం. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో కిడ్నీ జబ్బులతో బయటపడిన క్రీముల సమస్య పాదరసానిదే. స్టెరాయిడ్ ప్యానెల్ ఎంత పెద్దదైనా అలాంటి డబ్బాను పట్టుకోలేదు. రెండు పరీక్షలూ కలిపి కొనండి. డబ్బు తక్కువైతే ముందు చేతి ఎక్స్‌ఆర్‌ఎఫ్‌తో (ఎక్స్ కిరణాలతో లోహాలను పట్టే చిన్న పరికరం) చూపించండి, వేల పీపీఎం ఉన్న డబ్బాలు నిమిషాల్లో తేలిపోతాయి.

ఈ మెషీన్‌లో అణువులను అయాన్లుగా మార్చే ఈఎస్ఐ భాగంలో హైడ్రోక్వినోన్ సరిగా అయాను కాదు. దానికి 290 నానోమీటర్ల దగ్గర హెచ్‌పీఎల్‌సీ-పీడీఏ (కాంతిని పీల్చే తీరును బట్టి చూసేది), లేదా సిలిలేషన్ చేసి (తేలిగ్గా ఆవిరయ్యేలా మార్చి) జీసీ-ఎంఎస్ మంచిది. ద్రావణంలో యాసిడ్, ఆస్కార్బిక్ యాసిడ్ వేయకపోతే గాలి తగిలి గోధుమరంగుకు తిరిగి తగ్గిపోతుంది. ఇంకో చిక్కు: చర్మం తెల్లబరచడానికి చట్టబద్ధంగా వాడే ఆర్బుటిన్ విరిగితే హైడ్రోక్వినోనే వస్తుంది. లేబుల్ మీద ఆర్బుటిన్ ఉండి, హైడ్రోక్వినోన్ కొద్ది పీపీఎంలలో కనిపిస్తే కల్తీ అని తొందరపడకండి. 0.5 శాతం కనిపిస్తే మాత్రం సందేహం అక్కర్లేదు.

ట్రెటినాయిన్ ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్‌లో బాగానే వస్తుంది, 301.2 నుంచి. వెలుతురులో ఐసోట్రెటినాయిన్‌గా మారుతుంది కాబట్టి గోధుమరంగు సీసాలు, పసుపు దీపం తప్పనిసరి. స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఈ మూడింటినీ ఒకే డబ్బాకు కొలిపిస్తే ఒక మంచి లాభం ఉంది. మన మందుల షాపుల్లో దొరికే త్రిమిశ్రమ క్రీముల్లో సాధారణంగా హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినాయిన్ 0.025, మోమెటాసోన్ 0.1. అంటే 80కి 1కి 4. "హెర్బల్" డబ్బాలో 0.5 శాతం, 0.006, 0.025 అంకెలు వస్తే, ఒక వంతు ట్యూబుకు మూడు వంతుల బేస్ కలిపారని లెక్కే చెబుతుంది. ట్రెటినాయిన్, హైడ్రోక్వినోన్ నిల్వలో తగ్గుతాయి, మోమెటాసోన్ కాస్త నిలకడ. కాబట్టి లెక్కను దాని నుంచి మొదలుపెట్టాలి.

జుట్టు నూనెలకు ఈ ప్యాకేజీ కొనకండి. అక్కడ వెతకాల్సింది జుట్టు మొలిపించే మందు మినాక్సిడిల్, 210.1 నుంచి 193.1, 164.1. నూనెను హెక్సేన్‌లో కరిగించి, ఫార్మిక్ యాసిడ్ కలిపిన మిథనాల్-నీళ్లలోకి లాగితే చక్కగా వస్తుంది. 5 శాతం సొల్యూషన్ కలిపిన నూనెలో కిలోకు వేల మిల్లీగ్రాములు ఉండవచ్చు. క్యారీఓవర్ బాధ స్టెరాయిడ్లకంటే పదింతలు.

కోర్టులో దీని బరువు

ప్రైవేటు ల్యాబు రిపోర్టు మీ కొనుగోలు నిర్ణయానికి, తయారీదారుతో తగాదాకు, పేషెంటుకు నచ్చజెప్పడానికి పనికొస్తుంది. చట్టపరమైన చర్యకు దారి వేరు. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 1940లోని 26వ సెక్షన్ ప్రకారం కొనుగోలుదారు ఎవరైనా నిర్ణీత ఫీజు కట్టి, తాను కొన్న కాస్మెటిక్‌ను ప్రభుత్వ ఎనలిస్టుకు పంపించి సంతకం చేసిన రిపోర్టు పొందవచ్చు. దీన్ని వాడుకునేవాళ్లు తక్కువ. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ 23వ సెక్షన్ కింద తీసే శాంపిల్‌ను నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు. ఆ మీదట వచ్చే ఎనలిస్టు రిపోర్టును 28 రోజుల్లో సవాలు చేయకపోతే అదే తుది సాక్ష్యం. 2018 నుంచి పైపూత స్టెరాయిడ్లు చాలావరకు షెడ్యూల్ హెచ్ పరిధిలోకి వచ్చాయి, ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడదు. కాస్మెటిక్ డబ్బాలో దొరికితే అది లైసెన్సు లేని మందు కింద లెక్క. ప్రైవేటు రిపోర్టులో పాజిటివ్ వచ్చిన రోజే మిగిలిన సీలు డబ్బాను తెరవకుండా, బిల్లుతో సహా డ్రగ్స్ కంట్రోల్ కార్యాలయానికి ఫిర్యాదుతో ఇవ్వడం సరైన క్రమం.

ఎవరు కొనాలి

బయట తయారు చేయించుకునే బ్రాండ్లు ప్రతి కొత్త ఫార్ములాకు, తయారీదారు మారిన ప్రతిసారీ పూర్తి ప్యానెల్ చేయించాలి. ఆ తర్వాత బ్యాచ్‌కు ఒకసారి ఐదారు ముఖ్యమైన స్టెరాయిడ్లు చాలు, అవి ఒకే ఇంజెక్షన్‌లో అయిపోతాయి కాబట్టి బేరమాడొచ్చు. డాక్టర్లు ఒక్కో డబ్బాకు విడిగా కట్టేకంటే, నెలలో అనుమానం వచ్చినవన్నీ పోగేసి ఒకే బ్యాచ్‌గా పంపితే క్యాలిబ్రేషన్ ఖర్చు పంచుకున్నట్టవుతుంది. ఒక్క డబ్బా వాడే మామూలు మనిషికి ఈ పరీక్ష సలహా ఇవ్వం. లేబుల్ మీద తయారీ లైసెన్సు నంబరు, తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు లేకుండా, వారంలో ఫలితం చూపించి, ఆపితే ముఖం మండే క్రీమయితే పరీక్ష ఖర్చులో కొంతతో చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్లడం మేలు. స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపినా ముఖం ఎర్రబడి తిరగబెడుతుంది. ఎలా తగ్గించుకుంటూ రావాలో డాక్టరే చెప్పాలి.

ఆర్డరు ఇచ్చేటప్పుడు చివరిగా ఒక వాక్యం రాతపూర్వకంగా పెట్టించుకోండి: మిగిలిన శాంపిల్‌ను, ముడి డేటా ఫైళ్లను రిపోర్టు తేదీ నుంచి కనీసం ఆరు నెలలు ల్యాబు ఉంచాలి. హై రిజల్యూషన్ పరీక్ష అయితే ఆ ఫైలు కాపీ మీరే తెచ్చుకోండి. రేపు కొత్త ఎస్టర్ పేరు బయటికొస్తే, డబ్బా మళ్లీ పంపకుండా అదే ఫైలులో వెతికించుకోవచ్చు.